దండెం తగువు

తగువు మొదలైంది వాకిట్లనే.
నాలుగు కిరాయి ఇండ్లకు ఒక్కటే దండెం,
ఎవల క్లిప్పులు ఎవలయో తెల్వది.
ప్లాస్టిక్‌వి కల్వకుర్తి ఎండకు
అప్పడాల్లెక్క పటుక్కుమంటున్నయని
అంగట్ల కట్టె క్లిప్పులు తెచ్చినం
ముగ్గురం, తలా ఒక డజను, అన్నీ ఒక్కతీరువే.
నాలుగో ఇంటి పోశవ్వ కొనలే.
బట్టలు దండెం మీద ఊకె పడేస్తది,
గాలికి పోతె పోనీ అంటది.

వారం తిరగలే,
"నావి పన్నెండు తెచ్చుకుంటి,
నీ తాన పదిహేనెట్లున్నయ్?" అని
ఖైరున్నీసక్క బోరింగు కాడ నిలబడి అడిగింది.
నేను గూడ తక్కువ తినలే.

సరే, గుర్తులు పెట్టుకుందామని
శనివారం పొద్దుగూకినంక
పోశవ్వ అరుగు ముందట చాప పరిచినం.
గుట్టవోసి లెక్కవెడితే ముప్ఫై నాలుగే.
తక్కిన రెండూ ఎవలు మింగిన్రో
ఇప్పటికీ తేలలే.

అనుకున్నది గింతే:
ఒకలకు ఎరుపు, ఒకలకు నీలం, నాకు పసుపు.
గీత గీసుకోవాలె, లేచిపోవాలె.
కుక్కర్ల బియ్యం గూడ పోసే వచ్చిన.

అద్నాన్‌గాడు ఒకదానికి
రెండు బొట్టుబిళ్లలు కండ్లు పెట్టి
"మొసలి" అన్నడు.
దాని నోట్ల వాని వేలే వెట్టి కెవ్వుమన్నడు.
గంతే, గీతల ముచ్చట అక్కడ్నే ఆగింది.

గోళ్లరంగు దిగింది. నీలిమందు దిగింది.
జిగురు డబ్బ మూత పండ్లతోని పీకినం.
దవాఖానల రోజుకు నలభై సూదులిచ్చే సాలీబాయి
తండాల అమ్మ పక్కన కూసోని
అద్దాలు కుట్టిన చేతులు మర్చిపోలేదంట,
పాత కాంచళి అంచుకెల్లి
పెసరగింజంత అద్దం ఊడదీసి
క్లిప్పు నెత్తికి అతికించింది.
లైటు కిందికి తెస్తే
గోడ మీద ఒక వెలుగు చుక్క ఉరికింది,
పిల్లి దానెంట పడ్డది.

నేను స్ప్రింగులు తీసి
పుల్లల వీపులు జతకలిపి
ఎనిమిది పుల్లలకు ఒక కుర్సీ చేసిన.
దాంట్ల ఎవలు కూసుంటరే అంటె
ఖైరున్నీసక్క ఉల్లిగడ్డ తెచ్చి కూసోవెట్టి
"ఇగో, మన ఓనరు. కిరాయి కొచ్చిండు" అన్నది.
నవ్వి నవ్వి నాకు పొలమారింది.
పీకిన స్ప్రింగొకటి ఎగిరి
మంచం కిందికి పోయింది, దొరకలే.
లోపల కుక్కరు మాడు వాసన.

పోశవ్వ ఏం చెయ్యలే.
పోయిన ఎండకాలం పచ్చవాతమొచ్చి
కుడిచెయ్యి బరువైన మనిషి.
ఒత్తుమని డాక్టరిచ్చిన రబ్బరు బంతి
కిటికీల దుమ్ము పట్టింది.
రంగెయ్యని క్లిప్పొకటి ఎప్పుడందుకున్నదో,
మా దిక్కే చూసుకుంట
ఒత్తుతున్నది,
ఒత్తుతున్నది,
బొటనేలు వణికి జారుతున్నది.
మా లొల్లిల ఎవలకూ కనవడదనుకున్నది గావొచ్చు.
అచ్చంపేట బస్సు మూలమలుపు కాడ
హారన్ కొట్టిన గడియల
దాని నోరు గోరంత తెరుచుకున్నది.
నేను చూసిన.
చూసినట్టు చెప్పలే.
ఇంకో బొట్టుబిళ్ల ఉన్నదా అని సాలీబాయినడిగిన.

తెల్లారి దండెం మీద మా ముగ్గురియి
ఒక్క క్లిప్పు గూడ లేవు.
మొసలిని ఎండల పెడ్తరా?
అద్దాలామెను తడి లుంగీ కరుసుకొమ్మంటమా?
పది గంటలకు దుమారం లేచింది.
నా దుప్పటి పక్కింటి రేకుల మీద,
ఖైరున్నీసక్క దుపట్టా జామచెట్టుకు,
సాలీబాయి తెల్లకోటు యాడ పడ్డదో
పగటీలి దాక వెతికినం,
ముగ్గురం కలిసి,
ఒకలనొకలు తిట్టుకోకుంట.

ఎగరంది ఒక్కటే, పోశవ్వ తువ్వాల.
దండెం నడిమిట్ల
రంగులేని క్లిప్పు కింద
జెర వంకరగ ఏలాడుతున్నది.
ఎడమచేత్తోని పెట్టినట్టయితే లేదు.